గాలి గొట్టంలో నూనె

పోయిన నెలలో ఒక ఆదివారం, కడపలో ఆరాధన ముగిసి చర్చి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే పాస్టరుగారి భార్య నా పక్కకు వచ్చింది.

"అత్తమ్మా, మీరు నర్సుగా చేసిన ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు ఉండేదంట గదా. ఆమె పోయినారంట. పత్తికొండ తట్టు నుంచి వచ్చినోళ్ళు చెప్పినారు."

"ఎప్పుడు?" అని అడిగాను. ఆమెకు తెలియదు. ఎట్లా పోయిందో అదీ తెలియదు. నేను చెప్పులు వేసుకుని ఎండలోకి నడిచాను. విచిత్రం ఏమిటంటే నాకు మొదట డాక్టరమ్మ ముఖం గుర్తుకు రాలేదు. సగం తాగి వదిలేసిన కాఫీ గ్లాసులు గుర్తుకొచ్చాయి.

ఆసుపత్రిలో ఎక్కడ చూసినా అవే ఉండేవి. కిటికీ గూట్లో ఒకటి, మందుల బీరువా మీద ఒకటి, కానుపుల గది బయట అరుగు మీద ఒకటి. ఒకసారి కారు మడ్‌గార్డు మీద కూడా దొరికింది. రెండు గుక్కలు తాగేది, అంతలో ఏదో గుర్తొచ్చేది, గ్లాసు ఎక్కడుంటే అక్కడ పెట్టి పోయేది. "ఈమెకు కాఫీ కాచేదానికన్నా గ్లాసులు ఏరుకొచ్చేదానికే నా పొద్దంతా పోతాంది" అని వంటామె దినమూ గొణిగేది. డాక్టరమ్మ అన్నం కూడా నిలబడే తినేది. కుర్చీ చూపిస్తే, "కూచుంటే నాకు అరగదు మే" అనేది.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లోని మాట ఇది. కడప నుంచి రాయచోటికి పోయే దారిలో, కొండ ఘాటు రోడ్డు దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో మా మిషను ఆసుపత్రి ఉండేది. నేను చదువు ముగించుకుని అక్కడ నర్సుగా చేరేనాటికే ఆమె పెద్ద డాక్టరు. పత్తికొండ దగ్గర పల్లె ఆమెది. డబ్బును దుడ్లు అనేది. మేం కడపోళ్ళం నవ్వితే, "మీ డబ్బు కన్నా మా దుడ్లే చెల్లుతాయిలే" అని తనూ నవ్వేది, కానీ ఆ నవ్వు కూడా పూర్తిగా నవ్వేది కాదు. సగంలోనే ముఖం అవతలికి తిరిగిపోయేది.

పొద్దున్నే వార్డులో ప్రార్థన చేయడానికి ఉపదేశి వచ్చేవాడు. నిదానస్తుడు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా ఈమె "ఆమెన్" అనేసేది. పాపం, ఆయన ఉలిక్కిపడి, ముగిసిందో లేదో తెలియక కళ్ళు తెరిచేవాడు. అప్పటికే డాక్టరమ్మ రెండో మంచం దగ్గర నాడి పట్టుకుని ఉండేది. రోగులు కూడా నిదానస్తులే. కడుపునొప్పి చెప్పడానికి వచ్చిన ముసలమ్మ కోడలి దగ్గర మొదలుపెడితే, "కోడలు సరే, నొప్పి యాడ?" అనేది. ఎవరేం చెబుతున్నా వేళ్ళు బల్ల మీద ఆడుతుండేవి.

ఈ తొందర వల్ల బతికినవాళ్ళు ఉన్నారు. ఒక మధ్యాహ్నం ఎద్దులబండిలో ఒక బాలింతను తీసుకొచ్చారు. బండి పలకల మధ్య నుంచి నెత్తురు కారుతోంది. మేము మంచం తెచ్చేలోగా డాక్టరమ్మ వరండా మీదినుంచి దూకి, ఇంకా కదులుతున్న బండిలోకి ఎక్కి, ఎద్దుల మెడలమీద కాడి ఉండగానే ఆ మనిషి పొట్ట మీద పిడికిలి నొక్కిపెట్టింది. బండి ఆగేదాకా ఆగి ఉంటే ఆ బాలింత మాకు దక్కేది కాదు.

దాని వల్ల చెడినవీ ఉన్నాయి. "కట్టు విప్పొద్దప్పా, మానేదాకా ముట్టుకోవద్దు" అని రోగులను గదమాయించి పంపేది. వార్డులో ఉన్నవాళ్ళకు మాత్రం, పుండు ఎంతవరకు మానిందో చూడాలన్న తపనతో తనే వేళకు ముందు కట్టు విప్పేది. మళ్ళీ కట్టే పని నాది.

ఇక ఆ కారు. పాత దొరసాని డాక్టరు స్వదేశానికి పోతూ ఆసుపత్రికి వదిలిపోయిన నల్లటి కారు అది. యుద్ధానికి ముందుది. ఘాటు దుమ్మంతా దాని కడుపులోనే ఉందేమో అనిపించేది. కారుతో పాటు ఒక డ్రైవరును కూడా దొరసాని వదిలి వెళ్ళింది. రాయచోటి అవతలి పల్లె మనిషి. యుద్ధకాలంలో బొగ్గుతో నడిచే బస్సు తోలినవాడు. డాక్టరమ్మ కన్నా వయసులో పెద్ద. ఎవరైనా పలకరిస్తే తలగుడ్డ సర్దుకుని, ఆ తర్వాత జవాబిచ్చేవాడు. వాళ్ళిద్దరినీ ఒకే కారులో చూస్తే నాకు నవ్వొచ్చేది. ఎందుకంటే డ్రైవరు ఉన్నా సగం సార్లు స్టీరింగు ఆమె చేతుల్లోనే ఉండేది. ఆయన పక్క సీట్లో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దారి చూసేవాడు.

బానెట్టు మాత్రం పూర్తిగా ఆమెది. కారు ఆగీ ఆగకముందే దిగేది. బానెట్టు ఎత్తి, ఇంజన్లో నూనె ఎంతుందో చూపించే ఇనుప కమ్మిని బయటికి లాగేది. కమ్మికి కింది కొసన ఒక గీత ఉంటుంది. నూనె ఆ గీత దాకా ఉండాలి. తక్కువ కనిపిస్తే, కారు షెడ్డులోనుంచి తెచ్చి వెనక పెట్టెలో పెట్టుకున్న నూనె టిన్ను తెరిచి వెంటనే పోసేది. "ఘాట్లో ఇంజన్ ఎండిపోతే రోగి పానం పోతాది" అనేది. దాంట్లో తప్పు పట్టేదానికి ఏముంది?

ఒక ఎండాకాలం ఆ కారు నీలిపొగ వదలడం మొదలుపెట్టింది. ఘాటు ఎక్కుతూ దగ్గి దగ్గి ఆగిపోయేది. ఇంజన్ లోపలికి గాలి పోయే గొట్టం మొదట్లో ఒక రేకు డబ్బా ఉంటుంది. దుమ్ము లోపలికి పోకుండా ఆపేది అదే. డాక్టరమ్మ దాన్ని విప్పి చూస్తే డబ్బా గోడలన్నీ నూనె. గొట్టంలో వేలు పెడితే వేలు కూడా తడిసింది.

"గాలి పోయే తావులో నూనెకేం పని?" అని ఆమె నన్ను అడిగింది, నాకేదో తెలిసినట్టు.

కడపలో మంచి మెకానిక్ సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆయన చెవి ఇంజన్‌కు ఆనించి విని, గొట్టం చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"పిస్టను రింగులు అరిగిపోయినట్టుండాయమ్మా. లోపల మండిన గాలి కిందికి జారి, నూనెను పైకి తంతాంది. అదే ఈ డబ్బాలో పడతాంది. ఇంజన్ దింపి మద్రాసుకు పంపిస్తే కొత్త బోరు చేసిస్తారు."

మద్రాసు ఖర్చు మాట వినగానే మిషను పెద్దలు, ఆ ఇనుము మీద ఇంకా పెట్టడం ఎందుకు, ఎవరికైనా అమ్మేయండి అన్నారు. కారు పోతే మా ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది. పల్లెలకు ఎట్లా పోయేది? కానుపు కష్టమైన మనిషి ఎద్దులబండిలో వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఎదురుచూడటం ఆమెకు చేతనయ్యే పని కాదు.

"రింగులు పోయిన ఇంజన్ ఘాట్లో బరువెట్ల లాగుతాది?" అని సాయిబుతో వాదించింది. ఆయన చిరునవ్వు నవ్వి, "చూస్తేగానీ తెలీదమ్మా, విప్పి చూడాల" అన్నాడు. మర్యాదస్తుడు. తిరిగొచ్చాక డాక్టరమ్మ కారు ముందు హ్యాండిలు దూర్చి తనే తిప్పింది. తిప్పిన ప్రతిసారీ లోపలినుంచి హ్యాండిలు గట్టిగా ఎదురు తన్నింది. "సూడు, బలం ఉండాది. రింగులు కాదు" అంది. ఇంజన్ మూత నుంచి గాలి డబ్బాకు ఒక సన్న గొట్టం ఉంది. అది పూడుకుపోయిందేమోనని ఊడబెరికి నోటితో ఊదింది. పూడుకుపోలేదు. ఆ దినమంతా ఆమె పెదాల చుట్టూ నల్లటి చక్రం. రోగులు నాలుక చాపడం మరిచి ఆమె మూతి చూస్తూ కూర్చున్నారు. మేమెవరమూ చెప్పే ధైర్యం చేయలేదు.

డబ్బా కడిగి బిగిస్తే రెండు దినాలు బాగుండేది. మళ్ళీ నూనె. కమ్మి తీసి చూస్తే మళ్ళీ తక్కువ.

అప్పుడు ఆమె బుర్రలో ఒక ప్రశ్న పడింది. గొట్టంలోకి పోయేది కొంతే. తను పోసేది చాలా ఎక్కువ. మిగిలిందంతా యాడికి పోతాంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే కాంపౌండరు ఒక మాట చేరవేశాడు. శనివారం ఇంటికి పోతూ డ్రైవరు సంచిలో ఒక నూనె సీసా పెట్టుకున్నాడని.

అది బయటి రోగుల దినం. వరండా నిండా జనం. పక్క పల్లెల వాళ్ళు, ఘాటు మీదినుంచి దిగినవాళ్ళు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. డ్రైవరు కానుగ చెట్టు కింద కారు తుడుస్తున్నాడు. డాక్టరమ్మ ఒక పసివాడి గొంతు చూస్తూ చూస్తూ లేచి, వరండా చివరిదాకా వచ్చి అక్కడినుంచే అడిగింది.

"ఏమప్పా, శనివారం నీ సంచిలో సీసా ఉండెనంట. ఏముండె దాంట్లో?"

ఆయన తలగుడ్డ సర్దుకున్నాడు. "పాత నూనెమ్మా. మార్చినప్పుడు పారబోసే నల్ల నూనె. మా అన్న బండి ఇరుసుకు."

"పాతదో కొత్తదో నేనెట్ల నమ్మాల? దినాము పోస్తాండా, దినాము తగ్గతాండాది. షెడ్డు తాళం నీకాడ గాక ఇంకెవరికాడుండాది?"

"మీకాడ కూడా ఉండాదమ్మా" అన్నాడాయన, మెల్లగా.

ఆయన ఎగతాళికి అనలేదు. ఉన్నమాట అన్నాడు. కానీ జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో ఆమె ముఖం మారిపోయింది.

"దొంగతనం చేసి నాకే జవాబు చెప్తావా? ఇంగ నువ్వు రావద్దు. పో."

ఆయన తాళంచెవి తెచ్చి వరండా అంచున పెట్టాడు. కారు తుడిచే గుడ్డను పిండి, కొమ్మకు ఆరేశాడు. గేటు దాటి రాయచోటి దారి పట్టి నడిచాడు. డాక్టరమ్మ వెనక్కు వచ్చి ఆ పసివాడి గొంతు మళ్ళీ మొదటినుంచి చూసింది.

మరుసటి సాయంత్రం ఆమె ఒక పల్లె నుంచి తిరిగొచ్చి, ఎప్పటిలాగే దూకి, బానెట్టు ఎత్తి కమ్మి లాగింది. నేను వరండాలో గుడ్డలు మడతపెడుతున్నాను. ఆమె కమ్మి పట్టుకుని కదలకుండా నిలబడింది. నూనె తక్కువగానే ఉంది. నన్నొకసారి చూసింది.

షెడ్డుకు కొత్త తాళం వేయించి, చెవి తన నడుముకే కట్టుకుంది. అయినా తగ్గింది. గాలి గొట్టంలోనూ మళ్ళీ నూనె పడింది. నీలిపొగ అట్లాగే ఉంది.

ఆ తర్వాతి వారాల్లో ఆమెను చూడటం కష్టంగా ఉండేది. రోగిని పరీక్షిస్తూ మధ్యలో లేచి కారు దగ్గరికి పోయేది, ఏమీ తోచక తిరిగొచ్చేది. గాలి డబ్బాను విప్పడం, కడగడం, బిగించడం. కాఫీ గ్లాసుల్లో ఇప్పుడు ఒక్క గుక్క కూడా తగ్గేది కాదు. వానాకాలమూ నడిచి, వేరుశనగ చేలల్లో చెనిక్కాయలు పీకే కాలం వచ్చింది. నేను ఉండబట్టలేక అన్నాను.

"ఆయప్పను పిలిపించండమ్మా."

"ఏమని పిలవాల?"

"తప్పయిందని. ఆయన తీయలేదని తెలిసిపోయింది గదా."

"తీయలేదని తెలిసింది. యాడికి పోతాందో తెలీలేదు గదా. అది తెలీకుండా పిలిస్తే, రేపు మళ్ళా కమ్మిలో తక్కువ చూస్తే నా కన్ను మళ్ళా ఆయప్ప మీదికే పోతాది. నాకు నా బుద్ధి తెలుసు మే."

నాకు కోపం వచ్చింది. తప్పు ఒప్పుకునేందుకు కూడా ఈమెకు కారణం దొరకాలా అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె అన్నదాంట్లోనూ నిజం ఉందేమో అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

ఒక మధ్యాహ్నం సైకిలు మీద ఒకతను రొప్పుతూ వచ్చాడు. వంక అవతలి పల్లెలో తన చెల్లెలికి నిన్నటినుంచి నొప్పులు, బిడ్డ రావడంలేదు, మంత్రసాని డాక్టరమ్మను పిలుచుకు రమ్మందట. ఆమె అప్పటికే కారు దగ్గర ఉంది. నేను సంచీ పట్టుకుని వెనక సీట్లో పడ్డాను. సైకిలతన్ని ముందు కూర్చోబెట్టుకుంది. ఆ హడావుడిలో నూనె టిన్ను షెడ్డులోనే మరిచాం.

మా ఊళ్ళో చినుకు లేదు. కొండల్లో ఎక్కడ కురిసిందో, వంక దగ్గరికి పోయేసరికి ఎర్రనీళ్ళు దారిని మింగేసి పారుతున్నాయి. తుమ్మకొమ్మలు, నురుగు కొట్టుకుపోతున్నాయి. రెండు గట్ల మీదా బండ్లు ఆగిపోయి ఉన్నాయి. మనుషులు గట్టున గొంతుకూర్చుని నీళ్ళను చూస్తున్నారు.

డాక్టరమ్మ కారు ఆపీ ఆపకముందే దిగి, అలవాటు చొప్పున బానెట్టు ఎత్తి కమ్మి లాగింది. నూనె గీతకు చాలా కింద ఉంది.

"టిన్ను తే."

"తేలేదమ్మా."

కమ్మిని దూర్చి, నేరుగా వంకలోకి దిగింది. నీళ్ళు మోకాళ్ళు దాటగానే మనిషి తూలింది. గట్టున ఉన్న ఒక ముసలాయన దిగి చేయి పట్టి లాగాడు.

"కొట్టుకపోతావమ్మా! నువ్వే పోతే ఆడ కానుపు ఎవురు చేయాల? తగ్గతాది. పైన వాన నిలిచిండాది. కొంచేపు ఆగల్ల, అంతే."

ఆమె గట్టెక్కింది. తడిసిన చీర కుచ్చెళ్ళు పిండుకుంది. ఇటు నాలుగు అడుగులు, అటు నాలుగు అడుగులు. సైకిలతను తల పట్టుకుని కూర్చున్నాడు. అతనికి ధైర్యం చెబుదామని పోయి, చెప్పకుండానే వెనక్కు తిరిగింది. నీళ్ళంచున ఒక రాయి పెట్టించి తగ్గుతోందా లేదా అని చూసింది. రాయి కొట్టుకుపోయింది. చేతులకు పని లేక, చివరికి మళ్ళీ కారు దగ్గరికి వచ్చి బానెట్టు ఎత్తింది. కమ్మి లాగి, చీర చెంగుతో తుడిచి, దూర్చి, మళ్ళీ లాగింది.

"మే, ఇట్ల రా."

పోయాను.

"ఇందాక నూనె యాడుండె?"

"గీతకు కిందుండెమ్మా."

"ఇప్పుడు సూడు."

నూనె సరిగ్గా గీత మీద ఉంది.

"మనమేమన్నా పోసినామా?"

"టిన్నే లేదు గదమ్మా."

ఆమె కమ్మిని పట్టుకుని ఇంజన్ వైపు చూస్తూ ఉండిపోయింది. పక్కన అంత నీళ్ళ హోరు ఉన్నా ఆమెకు వినబడినట్టు లేదు. కాసేపటికి, నాతో కాదు, తనలో తను చెప్పుకున్నట్టు మొదలుపెట్టింది.

"ఇంజన్ తిరిగేటప్పుడు నూనె పైకెక్కి ఉంటాది. నిలిపినాక కారి కిందికి దిగల్ల. దిగేదాకా ఆగల్ల. నేను యాడ ఆగినా? దిగకముందే లాగి, తక్కువుందని పోస్తి. పోసింది ఎక్కువాయె. ఎక్కువైంది లోపల చిలికి చిలికి, ఈ సన్న గొట్టంలోంచి గాలి డబ్బాలో పడె. ఇంజన్ దాన్ని పీల్చి కాల్చి పొగ చేసె. ఎక్కువంతా పోయి మళ్ళా సరిగ్గా అయ్యేలోపల మళ్ళా నేను పోస్తి."

కమ్మిని మెల్లగా దాని చోట పెట్టింది.

"రింగులు బాగుండాయి. కారు బాగుండాది. ఆయప్పా బాగుండాడు" అంది.

పొద్దు వాలకముందే వంక తగ్గింది. మనుషులు కారును తోసి అవతలికి చేర్చారు. మేము ఆ ఇల్లు చేరేసరికి బిడ్డ ఏడుస్తోంది. మంత్రసాని వాకిట్లో చేతులు కడుక్కుంటూ, "నిదానంగా వచ్చినాది మొండిది, కానీ తనే వచ్చినాది" అని నవ్వింది. డాక్టరమ్మ తల్లినీ బిడ్డనూ చూసింది. చేయడానికి ఏమీ లేదు. సైకిలతను ఆమె కాళ్ళ మీద పడబోతే, "నేనేం చేసినా అప్పా, ఆమెకు మొక్కు" అని మంత్రసానిని చూపించింది.

మరుసటి దినం పొద్దున్నే రాయచోటి అవతలికి పోయాం. డ్రైవరు ఇంటి ముందు చెనిక్కాయ చెట్లు కుప్పగా పోసి ఉన్నాయి. ఆయనా, ఆయన భార్యా కాయలు తెంపుతున్నారు. కారు చూసి ఆయన లేచి చేతుల మన్ను దులుపుకున్నాడు. భార్య లేవలేదు.

డాక్టరమ్మ పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది. తప్పు తనదేనంది. వేడి ఇంజను, కమ్మి, గీత, సన్న గొట్టం, డబ్బా, అన్నీ గడగడా చెప్పింది. బానెట్టు ఎత్తి చూపించబోయింది. ఆయన అటు చూడలేదు. నేలవైపు చూస్తూ విన్నాడు. భార్య చేతిలోని చెట్టు పక్కన పడేసింది.

"ఇంజన్ కత మాకేంటికమ్మా? మీరు ఆ పొద్దు అన్న మాట మాకన్నా ముందే ఈ ఊరికి వచ్చినాది. నేను కూలికి పోతే 'నీకేంటికే కూలి, నూనె అమ్ముకోరాదా' అంటాండారు. సంతలో ఈయప్పను చూసి సీసాలు దాచిపెట్టండ్రా అంటాండారు. ఇప్పుడు మా ఇంటికొచ్చి మాకు చెప్తే అది పోతాదా? ఈయప్ప తీయలేదని మాకు తెలీకనా?"

"ఊరుకో మే" అన్నాడాయన.

"నేనేంటికి ఊరుకోవాల? నువ్వు ఊరుకున్నందుకే ఇంత దూరం వచ్చినాది."

డాక్టరమ్మ మధ్యలో ఒక్క మాట అనలేదు. ఆమె అంత సేపు ఎవరి మాటయినా వినడం నేను చూడలేదు. అంతా అయ్యాక అడిగింది.

"యాడ చెప్పమంటావమ్మా?"

"యాడన్నారో ఆడ. ఎవురి ముందర అన్నారో వాళ్ళ ముందర."

"సరే" అంది డాక్టరమ్మ. ఆయన వైపు తిరిగి, "వస్తావా అప్పా?" అని అడిగింది.

ఆయన తలగుడ్డ సర్దుకున్నాడు. "వినేదానికి వస్తానమ్మా."

మళ్ళీ బయటి రోగుల దినం వచ్చింది. భార్యాభర్తలు ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి కానుగ చెట్టు దగ్గర నిలబడ్డారు. వరండా నిండగానే డాక్టరమ్మ బయటికి వచ్చింది. కాంపౌండరును కూడా పిలిచి పక్కన నిలబెట్టింది.

"అందరూ వినండి. ఈయప్పను నేను దొంగ అంటిని. ఈయప్ప బొట్టు నూనె తీయలేదు. నూనె పోయింది నా తొందర వల్ల. కారు పాడయ్యింది నా చేతుల్తోనే. తప్పు నాది."

ముందు వరసలో ఉన్న చెవిటి ముసలమ్మ ఒకామె పక్కవాళ్ళను మోచేత్తో పొడిచి, "ఏమంటాందే?" అని గట్టిగా అడిగింది. డాక్టరమ్మ మెట్టు దిగి ముసలమ్మ ముందుకు పోయి, ఆసుపత్రి అవతలి రోడ్డు దాకా వినబడేంత గట్టిగా, మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఆ రెండోసారి చెబుతున్నప్పుడు ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. ముసలమ్మ విని, "ఓ, అట్లనా. అయితే మంచోడే" అంది.

చెట్టు దగ్గర డ్రైవరు భార్య చెంగుతో ముఖం తుడుచుకుంది.

డాక్టరమ్మ వాళ్ళ దగ్గరికి పోయి, నడుము నుంచి షెడ్డు తాళంచెవి విప్పి ఆయన ముందు పట్టుకుంది. ఆయన చేయి చాపలేదు.

"వద్దమ్మా. కడప బస్సులో చేరతానని చెప్పి వచ్చినా."

"నా మీద కోపమా అప్పా?"

"కోపం లేదమ్మా. మీరు చెప్పినారు, నేను విన్నా, అయిపాయ. కానీ ఆ కారు చూస్తే నాకు ఆ పొద్దే గుర్తొస్తాది."

ఇద్దరూ ఆమెకు మొక్కి గేటు దాటి పోయారు. డాక్టరమ్మ తాళంచెవి పట్టుకుని వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది. తరువాత లోపలికి వచ్చి, "మొదటి మనిషిని పంపు మే" అంది.

కారును అమ్మలేదు. సాయిబు ఒకసారి ఇటుగా వచ్చి గాలి గొట్టంలో వేలు పెట్టి, పొడిగా ఉన్న వేలు చూసుకుని ఆశ్చర్యపోతే, ఆమె జరిగిందంతా ఆయనకూ చెప్పింది. పొగ మానింది. ఇంకో డ్రైవరును పెట్టుకొమ్మని పెద్దలు ఎంత చెప్పినా వినలేదు. తనే తోలుకునేది. పల్లెకు పోతే ముందు రోగిని చూసి వచ్చేది, నూనె కిందికి దిగాక, తిరుగు ప్రయాణానికి ముందు కమ్మి లాగేది. అంతకు మించి ఆమె మారిందని నేను చెప్పలేను. కట్లు వేళకు ముందే విప్పేది. ఉపదేశి ప్రార్థనకు మధ్యలోనే ఆమెన్ అనేది. డ్రైవరు తోలే బస్సు మా గేటు ముందు నుంచే పోయేది. ఎప్పుడైనా ఆమె వరండాలో ఉండగా బస్సు వస్తే, ఆయన తలవంచి చూసేవాడు. ఆమె చేయి ఎత్తేది. అంతే.

నాకు పెళ్ళి కుదిరి కడపకు వచ్చేసే ముందు వారం, ఇద్దరం ఆపరేషను గదిలో కత్తెర్లు, చిమటాలు ఉడకబెడుతున్నాం. ఆమె మూత ఎత్తి ఎత్తి చూస్తోంది. ఇక ఎట్లాగూ పోతున్నాను కదా అన్న ధైర్యంతో నేను ఆ మాట కదిలించాను.

"ఆయప్ప తిరిగి పనిలోకి వచ్చింటే బాగుండేది గదమ్మా. మీ మనసుకు కొంచెం ఊరటగా ఉండేది."

ఆమె నా వైపు తిరిగింది. ఆవిరికి ముఖం తడిసి ఉంది.

"లేదు మే. రాకపోవడమే మంచిదాయ. వచ్చింటే నెల తిరక్కముందే నేను చేసింది మరిచిపోయుంటా."

బయట ఎవరో "డాక్టరమ్మా" అని పిలిచారు. ఆమె అప్పటికే తలుపు దగ్గర ఉంది.